ఒకే ఇంట రెండు బల్లలు

పోయిన వారం మెల్కాను తమ్ముడి ఇంటి అరుగు మీద కళ్ళు తుడుచుకుంటుండగా వదిలిపెట్టాం. అంతియొకయలో యేసును నమ్మినవాళ్ళంతా, యూదులనీ గ్రీకులనీ చూడకుండా ఒక్క బల్ల చుట్టూ చేరి రొట్టె విరుచుకున్న రోజులు అప్పటికే పోయాయి. యెరూషలేము నుంచి పెద్దమనుషులు వచ్చి, మోషే ధర్మశాస్త్రం లేకుండా మెస్సీయ ఏమిటి, సున్నతి లేనివాళ్ళతో కంచం పంచుకోవడమేమిటి అని మెత్తగానే అడిగారు. మెత్తగా అడిగినందువల్లే ఎవరికీ జవాబు తోచలేదు. యూదులు ఒక్కొక్కరే లేచి గదికి అవతలి మూల వేరే బల్ల వేసుకున్నారు. అందరికంటే ఆఖరున లేచింది మెల్కా. ఆమె చేతుల మీద పెరిగిన గ్రీకు పిల్ల త్రుఫైన, ఆ పిల్ల మొగుడు రొట్టెల జోసిమోసు, తమ మధ్య ఖాళీ అయిన చోటు వంక చూస్తూ ఉండిపోయారు.

ఆ సందులో వాళ్ళకు కోడికూతతో పని లేదు. జోసిమోసు బట్టీ రాజేశాడంటే తెల్లవారినట్టే లెక్క. పొగ ముందు వస్తుంది, వెనకే రొట్టె వాసన వస్తుంది, ఆ వెనక అతని పాట వస్తుంది. పాట ఒక్కటే ఎవరూ కోరుకునేది కాదు. అలాంటిది ఆ రోజు పొద్దెక్కినా పొగ లేదు, వాసన లేదు, పాటా లేదు. నీళ్ళకు బయలుదేరిన ఆడవాళ్ళు మూసిన తలుపు ముందు గుమిగూడారు.

"ఏం పెద్దమ్మా, మీ అల్లుడు ఇవాళ ఊరంతటినీ పస్తు పడుకోబెడతాడా?" అని అడిగింది ఒకామె మెల్కాను చూసి.

మీ అల్లుడు. ఆ మాట మెల్కాకు కలుక్కుమంది. బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చినప్పట్నుంచీ ఆ గడప తొక్కలేదామె. ఎదురుపడితే పలకరించేది. వాళ్ళూ పలికేవాళ్ళు. అల్లుడు మాత్రం రోజూ ఒక రొట్టె గుడ్డలో చుట్టి ఆమె కిటికీలో పెట్టి పోయేవాడు. ఆమె దాన్ని పక్కింటి గుడ్డి ముసలాయనకు ఇచ్చేది. తినకూడదని పారేసేంత మనసు లేదు, తినేంత ధైర్యమూ లేదు.

ఆ పిల్ల ఆమెకు ఎలా వచ్చిందో చెప్పాలి. యూదుల పేట మీద ఊరు ఎగబడ్డ ఏడాది, త్రుఫైన తల్లి, ఒట్టి గ్రీకు మనిషి, ఏ దేవుణ్ణీ సరిగ్గా మొక్కని మనిషి, మెల్కాను పిండి బస్తాల వెనక దాచింది. మెల్కా భర్త అజూరును మాత్రం వీధిలో పట్టుకున్నారు. పంది మాంసం ముక్క నోటి దగ్గర పెట్టి, ఒక్కసారి కొరికి ఇంటికి పో అన్నారు. ఆయన నోరు తెరవలేదు. ఇక తెరవనివ్వలేదు వాళ్ళు. ఆ చలికాలమే జ్వరం వచ్చి గ్రీకు తల్లి కన్ను మూస్తే, పిల్లను ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంది మెల్కా. కన్నబిడ్డలు ఒక్కరూ దక్కని మనిషికి ఆ పిల్లే కన్నకూతురైంది. అందుకే తమ్ముడు ఎలియాషీబు వచ్చి, "అక్కా, బావ దేనికోసం ప్రాణం పోగొట్టుకున్నాడో మరిచిపోయావా?" అని అడిగినప్పుడు ఆమె గుండె నిలువునా రెండు ముక్కలైంది. ఒక ముక్క మొగుడిది, ఒక ముక్క కూతురిది. మొగుడి ముక్క లేచి అవతలి బల్లకు నడిచింది.

ముందు తలుపు వదిలేసి పెరటి దారిన వెళ్ళింది మెల్కా. గడప దాటగానే వాసన తగిలింది. నమిలిన జీలకర్ర, నూనెతో చిలికిన ద్రాక్షారసం. ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అది బాలింత ఇంటి వాసన. మగబిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున, సున్నతి చేసే పెద్దాయన కత్తి తుడుచుకుని వెళ్ళాక, గాయానికి కట్టే కట్టు వాసన. ఈ పేటలో ఆ వాసన వచ్చిన ఇంట్లోకి ఆడవాళ్ళు నవ్వుకుంటూ వెళ్తారు. ఒక్క క్షణం ఆమె ముసలి మనసు పరుగెత్తింది. పెళ్ళయిన ఇన్నాళ్ళకు త్రుఫైన కడుపు పండిందేమో అనుకుంది. తనకు తెలియకుండా బిడ్డ పుడతాడా అని వెంటనే తన మీద తనకే జాలి వేసింది. మరి ఈ ఇంట్లో కట్టు కట్టాల్సిన మగవాడు ఎవరున్నారో తట్టేసరికి గోడ పట్టుకుంది.

త్రుఫైన తొట్టి దగ్గర కూర్చుని గుడ్డలు ఉతుకుతోంది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరికమ్మా దెబ్బ తగిలింది?"

త్రుఫైన తల ఎత్తలేదు. "తగల్లేదు పెద్దమ్మా. అడిగి మరీ తగిలించుకున్నాడు. లోపలున్నాడు, వెళ్ళి చూడు. నీకోసమే ఎదురుచూస్తున్నాడు."

లోపల చాప మీద జోసిమోసు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పిండి బస్తాలు ఒంటి చేత్తో ఎత్తే మనిషి ముఖం, కలిపి వదిలేసిన పిండిలా తెల్లబారి ఉంది. ఆమెను చూసి లేవబోయి, పళ్ళు బిగించి మళ్ళీ పడుకున్నాడు.

"రండత్తా. లేవలేను, ఏమనుకోకండి. పసివాళ్ళయితే కాసేపు ఏడిచి పాలు తాగి నిద్రపోతారట. ఈ వయసులో ఏడవడానికి సిగ్గు, పాలిచ్చేవాళ్ళూ లేరు." నవ్వబోయాడు. నవ్వితే కూడా నొప్పే అన్నట్టు ఆగిపోయాడు. "కూర్చోండి. ఇక మీరు మా ఇంట్లో కూర్చోవచ్చు. తినొచ్చు కూడా."

మెల్కా కూర్చోలేదు, కూలబడింది. అతని నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. "ఎందుకు చేశావు నాయనా ఈ పని? ఎవరు చెప్పారు నీకు?"

"మీరే."

"నేనా?"

"ఎలియాషీబు మావయ్య చెప్పాడు. మా అక్క నా ఇంట్లో కూర్చుని ఏడ్చింది, ఆ అబ్బాయి మనవాడై ఉంటే ఎంత బాగుండేది, వాడి చేతి రొట్టె లేక నాకు ముద్ద దిగడం లేదు అంది, అన్నాడు. అబద్ధమా అత్తా?"

అబద్ధం కాదు. తమ్ముడి అరుగు మీద కూర్చుని అన్నది ఆ మాటే. అది కోరిక కాదు, కబురు అంతకన్నా కాదు. మనసు నిండిపోయిన ఆడమనిషి నిట్టూర్పు అది. నిట్టూర్పు గాలిలో పోతుందనుకుంది. తమ్ముడు దాన్ని చేతిలో పెట్టుకుని మోసుకొచ్చి ఇక్కడ దించాడు. ఈ పిచ్చి మనిషి దానికోసం కత్తి కింద పడుకున్నాడు.

"అబద్ధం కాదు," అంది మెల్కా.

"అదీ. నేను చెప్పాను కదే, త్రుఫైనా," అని గట్టిగా పిలిచాడు జోసిమోసు. "అత్త అన్నదట."

త్రుఫైన తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకు కోపం వస్తే చెవులు ఎర్రబడేవి చిన్నప్పట్నుంచీ. ఇప్పుడు చెవులు ఎర్రగా లేవు. అదే మెల్కాను భయపెట్టింది.

"పెద్దమ్మా, ఒకటి అడుగుతాను. ఈ ఊరికి మొదట కబురు తెచ్చినవాళ్ళు ఏం చెప్పారు? మీరు ఎలా ఉన్నవాళ్ళు అలాగే రండి, చెయ్యాల్సింది ఆయన సిలువ మీద చేసేశాడు అన్నారా లేదా? నువ్వూ నేనూ పక్కపక్కన కూర్చుని విన్నాం. ఇంటికొచ్చి నువ్వు ఏడ్చావు. ఇక నీ ఎంగిలి నా ఎంగిలి అని లేదే పిల్లా అన్నావు. ఆ రోజు నాకు అమ్మ దొరికింది. అంతకుముందు నువ్వు నన్ను పెంచావు, నిజమే. కానీ నా గిన్నె వేరే ఉండేది."

నిజమే. వేరే గిన్నె ఉండేది. ప్రేమ తక్కువై కాదు. అలా ఉండాలని ఎవరూ చెప్పకుండానే తెలిసిన ఇల్లు అది. ఆ గిన్నెను పిల్ల గమనించిందని మెల్కాకు ఈ రోజు వరకు తెలియదు.

"వాళ్ళ మాట కూడా వినాలి కదమ్మా," అంది మెల్కా. తనవైపు తానే బలహీనంగా వాదిస్తున్నట్టు ఆమెకే వినిపించింది. "మెస్సీయ ఎక్కడినుంచో ఊడిపడలేదు. అబ్రాహాము ఇంట్లో పుట్టాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టేవాళ్ళు ఆ ఇంటి గుర్తు వేసుకోవాలంటున్నారు. ఆ గుర్తు కోసం మావాళ్ళు ఎంతమంది చచ్చారో నీకు తెలియదా? వాళ్ళు చెడ్డవాళ్ళు కారే."

"చెడ్డవాళ్ళయితే బాగుండును. నాలుగు తిట్లు తిట్టి నిద్రపోయేదాన్ని." త్రుఫైన మొగుడి వైపు చూసింది. "అజూరు పెదనాన్న నోరు తెరవకుండా చచ్చిపోయాడు. ఆయన్ను చంపింది మా జాతివాళ్ళు. అది తెలిసే నేను పెళ్ళయిన నాటి నుంచి ఈ ఇంట్లోకి పంది మాంసం రానివ్వలేదు, గుళ్ళో బలిచ్చిన మాంసం అంగట్లో చవగ్గా దొరికినా కొనలేదు. నీకోసం. ఎవరూ అడగలేదు. అదేమీ నాకు బరువు కాలేదు. కానీ నిన్ను బల్ల దగ్గరికి రప్పించడానికి మెస్సీయ చాలలేదు, నా మొగుడి ఒళ్ళు కావలసి వచ్చింది. అది మాత్రం నాకు మింగుడు పడటం లేదు."

మెల్కా వంగి జోసిమోసు దుప్పటి సర్దింది.

అప్పుడే వాకిలి తలుపు చప్పుడైంది. ఎలియాషీబు వచ్చాడు. పండగ పూట వేసుకునే తెల్లని అంగీ తొడుక్కుని, ఒక చంకలో ద్రాక్షారసం తిత్తి, ఇంకో చేతిలో అత్తిపళ్ళ బుట్ట పట్టుకుని వచ్చాడు. అతని ముఖంలో కపటం లేదు. ఆనందంతో కళ్ళు తడిసి ఉన్నాయి.

"ఏడీ నా సోదరుడు?" అన్నాడు. ఇన్నాళ్ళూ అబ్బాయ్ అని పిలిచిన నోటితో ఆ మాట అన్నాడు. వంగి జోసిమోసు నుదురు ముద్దు పెట్టుకున్నాడు. "అక్కా, నువ్వూ వచ్చావా? మంచిది. చూశావా, దేవుడు ఎంత సులువుగా చిక్కు విప్పాడో. ఈ ఇంటితో మొదలవుతుంది. ఒకరి తర్వాత ఒకరు వస్తారు. రెండు బల్లలు మళ్ళీ ఒకటవుతాయి. ఏదీ, ఏదైనా పెట్టమ్మాయ్, అందరం కలిసి తిందాం. నా చేతులతో నేనే మా అక్కకు వడ్డిస్తాను."

త్రుఫైన లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద పెనం పెట్టి కాల్చిన రొట్టె, ఉప్పు చేప, ఆలివు పళ్ళు తెచ్చి చాప ముందు పెట్టింది. రొట్టె ఒక పక్క మాడింది. బట్టీవాడి పెళ్ళానికి పెనం మీద కాల్చే అవసరం ఎప్పుడు వచ్చింది గనుక.

ఎలియాషీబు చెయ్యి రొట్టె దాకా వెళ్ళి ఆగింది. "పిండి కలిపిందెవరు?"

"నేనే," అంది త్రుఫైన.

బయట ఎవరో బట్టీ తలుపు కొట్టి, విసుక్కుని వెళ్ళిపోయారు.

"అమ్మాయ్, తప్పుగా అనుకోకు," అన్నాడు ఎలియాషీబు, నిజంగా ఇబ్బంది పడుతూ. "నీ మొగుడు మనవాడయ్యాడు. నువ్వు కూడా నీళ్ళలో మునిగి మనలో కలిస్తే ఇక ఏ చిక్కూ ఉండదు. ఆడవాళ్ళకు అంతే, కత్తి లేదు ఏమీ లేదు. ఒక్క మునక."

"నేను మునిగాను మావయ్యా."

"అది కాదమ్మా."

"ఒరొంతెస్ నదిలో మునిగాను. యేసు పేరున. నువ్వూ ఆ రోజే మునిగావు, నా ముందే. చలికి నీ పళ్ళు టకటకలాడుతుంటే నేను నవ్వాను. నువ్వు కూడా నవ్వి, నీ పొడి దుప్పటి నాకు కప్పావు. ఏ గుర్తూ అడగలేదు అప్పుడు. ఆ మునక చాలలేదా?"

ఎలియాషీబుకు ఆ దుప్పటి గుర్తొచ్చింది. ముఖంలో తెలిసిపోయింది. "చాలదని ఎవరన్నారు," అన్నాడు నెమ్మదిగా. "అది వేరు, ఇది వేరు."

"వేరైతే బల్లలు వేరెందుకయ్యాయి?"

అతను అక్క వైపు తిరిగాడు. అక్క నేల వైపు చూస్తోంది.

"ఊరుకోవే," అన్నాడు జోసిమోసు చాప మీంచి. "నెమ్మదిగా అన్నీ సర్దుకుంటాయి. నేను ఇప్పుడు రెండు వైపులవాణ్ణి. అటూ కూర్చుంటాను, ఇటూ కూర్చుంటాను. నా రొట్టె రెండు బల్లల మీదా ఉంటుంది. అందుకే కదా చేయించుకున్నది."

త్రుఫైన అతని వంక చూసిన చూపు మెల్కా జన్మలో మరిచిపోలేదు. చెప్పకూడదని దాచుకున్న మాట ఇక ఆగదని ఆ చూపులోనే ఉంది.

"నిన్న రాత్రి మన గ్రీకువాళ్ళు వచ్చారు," అంది త్రుఫైన. "నువ్వు జ్వరంలో ఉన్నావు. నిన్ను లేపొద్దన్నారు. ఇక మీదట మన బల్లకు నీ రొట్టె వద్దన్నారు. యేసు చావు చాలదని నీ ఒంటి మీద నువ్వే రాసి పెట్టుకున్నావట. అలాంటి చేతి రొట్టె విరిస్తే ఆయన్ను అవమానించినట్టట."

"నా రొట్టె వద్దన్నారా?" అన్నాడు జోసిమోసు.

"వద్దన్నారు."

"వాళ్ళకు తెలుసు కదా నేను ఎందుకు చేశానో. చెప్పలేదా నువ్వు?"

"చెప్పాను. ఎందుకు చేశాడని మేం అడగడం లేదు, ఏం చేశాడని అడుగుతున్నాం అన్నారు. నువ్వు ఇక మన బల్లకు రాలేవు. నేను యూదుల బల్లకు రాను. వస్తే యెరూషలేమువాళ్ళు అన్నదే నిజమని నేనూ ఒప్పుకున్నట్టు. ఇక ఆ గదిలోనే కాదు, మన ఇంట్లోనే రెండు బల్లలు."

జోసిమోసు కళ్ళు మూసుకున్నాడు. నొప్పికి కారని కన్నీళ్ళు ఇప్పుడు చెవుల మీదుగా కారి దిండులోకి పోయాయి. ఈ ఊళ్ళో ప్రతి ఆదివారం ప్రభువు బల్ల మీద విరిచింది అతని రొట్టెనే. పిండి కలిపేటప్పుడు మాత్రం అతను పాడేవాడు కాదు. ఆ ఒక్క రొట్టెకు మౌనంగా ఉండేవాడు. సందులో అందరికీ అది తెలుసు.

మెల్కాకు ఏడుపు కూడా రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిస్తే బాగుండుననిపించింది. తమ్ముడు మంచివాడు. యెరూషలేమువాళ్ళు భక్తిపరులు. నిన్న వచ్చిన గ్రీకులూ దేవుడికి భయపడేవాళ్ళే. అందరూ యేసునే ప్రేమిస్తున్నారు. అందరూ కలిసి ఈ ఒక్క మనిషిని నడి వీధిలో నిలబెట్టారు. వాళ్ళందరికంటే ముందు నిలబెట్టింది తానే.

జోసిమోసు కళ్ళు తెరిచాడు. మోచేతి మీద ఒరిగి, నొప్పికి వణుకుతూ, పళ్ళెంలోని రొట్టె అందుకున్నాడు. రెండుగా విరిచాడు. మాడని వైపు ముక్క మెల్కా ముందుకు చాపాడు.

"ఎవరి సంగతీ నాకు వద్దత్తా. వాళ్ళు తింటారో మానతారో. మీరు తినండి. నేను చూడాలి."

"అక్కా," అన్నాడు ఎలియాషీబు. ఆ గొంతులో అధికారం లేదు, బతిమాలడమే ఉంది. "ఆ పిండి ఆ పిల్ల చేతిది. ఇవాళ ఇది తింటే నేను నీ తరఫున ఎవరికీ జవాబు చెప్పలేను. నీతో కూర్చున్న నన్నూ వదిలేస్తారు. నా కూతురికి యెరూషలేములో సంబంధం కుదిరింది, నీకు తెలుసు. అదంతా పోనీ. బావను తలుచుకో. ఆయన నోరు తలుచుకో అక్కా."

ఆమె తలుచుకుంది. తలుచుకోని రోజు ఏది? మూసుకున్న ఆ పెదవులు, వాటి మూలలో ఎండిన రక్తం, తాను కడిగిన ఆ ముఖం. ఆయన నోరు తెరవకపోవడంలో ఎంత దేవుడున్నాడో ఆమెకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తన నోరు తెరిస్తే ఆయన్ను రెండోసారి చంపినట్టేనా? తెరవకపోతే ఈ చాప మీద ఉన్నవాడు ఏమవుతాడు? వణికే ఆ చెయ్యి ఎంతసేపు అలా గాలిలో ఉంటుంది?

అజూరూ, నన్ను క్షమించు, అనుకుంది. ముక్క అందుకుని నోట్లో పెట్టుకుంది.

ఎలియాషీబు రెండు చేతులూ మెడ దగ్గరికి తీసుకెళ్ళి, ఆ తెల్లని అంగీని గుండె దాకా చింపాడు. తల్లి పోయినప్పుడు, తండ్రి పోయినప్పుడు అలాగే చింపాడు. ఆ చప్పుడు మెల్కాకు తెలుసు. ఇద్దరూ కలిసి విన్న చప్పుడే అది. అతను ఏడుస్తూనే, తెచ్చిన పళ్ళ బుట్ట అక్కడే వదిలేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. బతికున్న అక్కకు తమ్ముడు చావు మైల పట్టాడు.

మెల్కా అతని వెనక చూడలేదు. త్రుఫైన వైపు చూసింది. పిల్ల ముఖం వెలుగుతుందని, పరుగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తుందని, ఇంత పోగొట్టుకున్నందుకు అదొక్కటైనా దక్కుతుందని అనుకుంది.

త్రుఫైన గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. కానీ ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు.

"ఎందుకు తిన్నావు పెద్దమ్మా?" అంది. "నా మొగుడు కోయించుకున్నాడు కనుక తిన్నావా? కోయించుకోకపోయినా తినేదానివా? నిజం చెప్పు."

చాప మీద మోచేతిని ఊతం చేసుకుని జోసిమోసు కూడా తల ఎత్తాడు. జ్వరంతో మెరుస్తున్న ఆ కళ్ళు రెండూ మెల్కా ముఖం మీదే ఉన్నాయి. కోయించుకున్నాడు కనుకే తిన్నానంటే కూతురు దక్కదు. కోయించుకోకపోయినా తినేదాన్నంటే, అతని గాయం ఉత్తదే అవుతుంది.

రొట్టె ఇంకా ఆమె నోట్లోనే ఉంది. మింగుడు పడటం లేదు.